తాళంచెవి గుర్తు

పదకొండేళ్లు చర్చి తాళంచెవి నా రైకలో, ఎడమ పక్కన ఉంది. బరువైన ఇనుప తాళంచెవి, నా నడిమి వేలంత పొడుగు. అంతకు ముందు అది నా పెనిమిటి చొక్కా జేబులో ఉండేది. చర్చి తెరవడం, ఊడ్వడం, గంట కొట్టడం ఆయన పని. ఆయన పోయిన మూడో ఆదివారం పాస్టరయ్య మా గడప దగ్గర నిలబడి, "గిది నువ్వే పెట్టుకోమ్మా. ఇగ ఊడ్చేది నువ్వే, తెరిచేది నువ్వే" అని చేతిలో పెట్టాడు. కొంగున కట్టుకుంటే ఊడ్చేటప్పుడు నేలకు కొట్టుకుని చప్పుడయ్యేది. నడుము దగ్గర దోపుకుంటే వంగినప్పుడు జారేది. రైకలో ఎడమ పక్కన పెట్టుకుంటే కదలకుండా ఉండేది. పొద్దున చల్లగా తగిలి, గంట కొట్టే వేళకు నా ఒంటి వేడి తెచ్చుకునేది.

మాకు పిల్లలు కలగలేదు. నారాయణఖేడ్‌లో చర్చి వెనుక సందులో ఒక గది, ముందు చిన్న వసారా, పక్కన తడకలు కట్టిన స్నానాల చోటు, అదే మా ఇల్లు. ఉన్నదానికి దేవునికి స్తోత్రం చెప్పుకోవడం నాకు చిన్నప్పుడే అలవాటైంది. నీళ్లు వచ్చిన రోజు నీళ్లకు, రాని రోజు నిన్న పట్టి పెట్టుకున్న బిందెకు. అయితే పొద్దంతా ఎవరితోనూ మాట్లాడకుండా గడిచిన రోజున, సాయంత్రం గొంతు విప్పి ప్రార్థన మొదలుపెడితే నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. అది కూడా దేవునికే చెప్పుకునేదాన్ని. చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు?

నేను బడికి పోలేదు. మనూరు దగ్గర మా ఊళ్లో, మా నాయనే నాకు పంతులు. ఆయన మిషనోళ్ల దగ్గర చదువు నేర్చినవాడు. చాటలో జొన్నలు పలచగా పరిచి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించేవాడు. తప్పు రాస్తే తిట్టేవాడు కాదు, చాట ఒకసారి కదిపేవాడు. అక్షరం పోయేది, మళ్లీ దిద్దాలి. అట్లా వచ్చిన చదువుతోనే వాక్యం చదివాను, పాటల పుస్తకం చదివాను. స్త్రీల కూటంలో ఏ కాగితం వచ్చినా నా చేతికే ఇస్తారు.

ఆ రోజు వచ్చిన కాగితం వేరు. గురువారం మధ్యాహ్నం కూటానికి సర్కారు దవాఖాన నర్సమ్మ వచ్చింది. చర్చి వసారాలో గోడకు ఒక పటం వేలాడదీసింది. అందులో ఒక ఆడమనిషి, నడుము పైన బట్ట లేకుండా, ఒక చెయ్యి తల వెనుక పెట్టుకుని ఉంది. ఇరవై మందిమి ఉన్నాం. ఒకరినొకరు చూసుకున్నాం. తరువాత ముందు వరసలో కూర్చున్న అవ్వ, మా అందరికన్నా పెద్దది, గట్టిగా అంది:

"ఆ బొమ్మకు జర కొంగు గప్పు సిస్టరమ్మా. దేవుని ఇంట్ల ఉన్నం."

నవ్వులు మొదలయ్యాయి. నర్సమ్మ కూడా నవ్వింది. "దేవునికి తెల్వనిదా అవ్వా? ఆయన చేసిందే గద."

"చేసినాయనకు తెల్సు తియ్యి. మాకెందుకు చూపెడ్తవు?"

"మీది మీరు చూస్కోవాలెనని."

"ఏంది, నాది నేను చూస్కునుడా? ఎనభై ఏండ్లొచ్చినయి, ఇప్పుడు చూస్కుని ఏం మురవాలె?"

బస్టాండు దగ్గర మెస్సులో జొన్నరొట్టెలు చేసే ఆమె ఒకతె ఉంది. నలుగురు పిల్లల తల్లి, ఎప్పుడూ తొందరలో ఉంటుంది. ఆమె లేచి, "నలుగురికి పాలిచ్చిన. గడ్డ ఉంటె వాళ్లే చెప్పకపోదురా?" అనేసరికి నవ్వులు చర్చి లోపలి దాకా పోయాయి.

నవ్వులన్నీ అయినాక నర్సమ్మ నింపాదిగా చెప్పింది. రొమ్ములో గడ్డ మొదట నొప్పి పెట్టదని, అన్ని గడ్డలూ చెడ్డవి కావని, అయినా ఏదైనా తేడా కనబడితే ఆలస్యం చేయకుండా దవాఖానకు రావాలని చెప్పింది. నెలకొకసారి అద్దంలో చూసుకోవాలి. తరువాత పడుకుని, మూడు వేళ్లతో, చిన్న చిన్న సున్నాలు చుడుతూ, మెడ కింది ఎముక నుంచి చంక దాకా ఏ చోటూ వదలకుండా చూసుకోవాలి. ముట్లు ఆగిపోయిన వాళ్లు ఏదో ఒక తేదీ పెట్టుకోవాలి. అదంతా అచ్చు వేసిన కాగితం నా చేతికిచ్చి, "అమ్మ చదువుతది. మీరంతా ఆమె దగ్గర నేర్చుకోండి" అంది.

నేను చదివాను. 'రొమ్ము' అన్న మాట వచ్చిన చోటల్లా నా గొంతు సన్నబడింది. అయినా ఒక్క మాట వదలకుండా చదివాను.

ఆ తరువాత నెలల్లో నా ఇంటికి మనుషులు రావడం మొదలైంది. ఎవరో ఒకరు పాల గిన్నె పట్టుకునో, చింతపండు అడగడానికో వచ్చినట్టు వచ్చి, చెవిలో అడిగేవాళ్లు. "వదినె, గా మూడు వేళ్లు ఏ మూడు?" "నిలవడి చేస్తె నడుస్తదా?" నేను నా చీర మీదే, భుజం దగ్గర, వేళ్లు తిప్పి చూపించేదాన్ని. వాళ్లు తలలు ఊపేవాళ్లు. ఒక్కొక్కరు టీ తాగేదాకా కూర్చునేవాళ్లు. ఆ నెలల్లో నా ఇంట్లో రెండో గ్లాసు ఎండిపోలేదు. నాకు తెలిసిన విద్య ఒకటి ఇంతమందికి పనికివస్తున్నదని లోపల చిన్న గర్వం ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

నా కోసం నేను ప్రభు భోజనం ఇచ్చే ఆదివారం పెట్టుకున్నాను. నెలకొకసారే వస్తుంది, మరిచిపోయేది లేదు. పొద్దున్నే స్నానానికి పోయినప్పుడు తాళంచెవి తీసి రాతి మీద పెట్టేదాన్ని. మా దిక్కు ఆడవాళ్లం లంగాను రొమ్ముల పైకి కట్టుకునే స్నానం చేస్తాం. తడకలకు పైకప్పు ఉండదు, ఎవరి మేడ మీద ఎవరు నిలబడ్డారో తెలియదు. నా తల్లి అట్లాగే నేర్పింది. పెళ్లయినా, ముసలితనం వచ్చినా, ఆ నాడా ముడి విప్పకుండానే నీళ్లు పోసుకుంటాం. నా రొమ్ములను పగటి వెలుగులో నేను ఎప్పుడూ చూసి ఉండలేదు. అద్దం కూడా నాకు అరచేయంతదే, పాపిడి తీసుకోవడానికి. కాగితంలో అద్దం గురించి రాసింది నేనే అందరికీ చదివి వినిపించి, నేనే వదిలేశాను.

తడిసిన లంగా మీది నుంచే, కళ్లు మూసుకుని, మూడు వేళ్లతో సున్నాలు చుట్టేదాన్ని. మెడ కింది ఎముక నుంచి చంక దాకా, కాగితంలో ఉన్న వరస తప్పకుండా. ఎడమ పక్కన ఒక చోట గట్టిగా తగిలేది. సరిగ్గా తాళంచెవి ఉండే చోట. అక్కడ చర్మం మీద ఎప్పుడూ దాని అచ్చు ఎర్రగా పడి ఉండేదని నాకు తెలుసు. పదకొండేళ్ల ఇనుము ఒత్తితే కాయ కాయదా అనుకుని వేళ్లు ముందుకు జరిపేదాన్ని. ఒక్కోసారి అక్కడ వేలు ఆగితే నా పెనిమిటి గుర్తుకు వచ్చేవాడు కూడా. ఆయన చొక్కా జేబు కింద కూడా ఇట్లాంటి గుర్తే ఉండేది. చివరకు "స్తోత్రం, ఏమీ లేదు" అని చెప్పుకుని, తాళంచెవి తీసుకుని, గంట కొట్టడానికి పోయేదాన్ని.

అట్లా ఎనిమిది నెలలు.

తొమ్మిదో నెలలో నర్సమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి ఒక అట్టపెట్టె తెచ్చింది. మూత తీస్తే లోపల రబ్బరుతో చేసిన రొమ్ము. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఎవ్వలిదో కోసుకొచ్చింది!"

"రబ్బరుది అవ్వా. లోపల ఐదు గింజలు దాచిపెట్టి ఉన్నయి. ఒక్కొక్కరు వచ్చి దొరకబట్టాలె. ఎనిమిది నెలల సంధి చేస్తున్నరు గద, చూద్దాం."

ఒక్కొక్కరే వచ్చారు. ఒకామె అరచేత్తో తట్టింది, పిల్లను జోకొట్టినట్టు. ఒక్క గింజా దొరకలేదు. ఇంకొకామె బొటనవేలు, చూపుడు వేలు మధ్య పట్టి, కందికాయలో గింజ ఉందా లేదా అని చూసినట్టు గిచ్చింది. గిచ్చిన చోటల్లా "అగో ఉన్నది, ఇక్కడున్నది" అని పదింటి దాకా లెక్క చెప్పింది. నర్సమ్మ తల పట్టుకుంది. ఒకామె రెండు వేళ్లు అటిటు ఆడించి, సిగ్గుతో పరుగెత్తింది.

"అమ్మా, ఇగ నువ్వు రా. అందరికి నేర్పినదానివి" అని నర్సమ్మ నన్ను పిలిచింది. నేను కూర్చుని, కళ్లు మూసుకుని, మొదలుపెట్టాను. వరస తప్పలేదు. చిన్న చిన్న సున్నాలు. పైనుంచి కిందికి, మళ్లీ పైకి. అంతా అయినాక రెండు చూపించాను.

నర్సమ్మ రబ్బరు రొమ్మును తన వైపు తిప్పుకుంది. తరువాత మెల్లగా, "చదివినట్టే చేసినవమ్మా, మస్తు చక్కగ చేసినవు. గాని వేళ్లు పైపైన పోయినయి. ముట్టుకున్నవు గాని ఒత్తలేదు" అంది.

ఆ వెనుకే రొట్టెలామె వచ్చింది. బయట ఆటో హారన్ కొడుతోంది, ఆమె మొఖం అటే ఉంది. "ఆగు బై, వస్తున్న!" అని అరుస్తూనే మూడు వేళ్లు ఆనించింది. అవి ముందు తేలికగా, ఆ తరువాత కొంచెం బరువుగా, ఆ తరువాత అడుగుదాకా దిగాయి. "ఒకటి. రెండు. గిది మూడు. నాలుగు." లేవబోయి మళ్లీ వంగింది. "ఇంకోటి అడుగున ఉన్నది, గీ అంచుకు."

నర్సమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎట్ల దొరికింది నీకు?"

"ఏమున్నది సిస్టరమ్మా? జొన్నపిండి పిసికేటప్పుడు తడవని ఉండ ఉంటది లోపల. అది రొట్టెలకు వచ్చిందంటే అక్కడ పగుల్తది, మెస్సు సేటు నెత్తి తింటడు. అది కండ్లకు కనవడదు. వేళ్ల మెత్తటి పక్కతోటి ఒత్తుకుంట పోతే ఆగుతది. రోజుకు మున్నూరు రొట్టెలు చేస్త, నాకెర్కలేదా?" అని చెప్పు తొడుక్కుని ఆటో ఎక్కిపోయింది. ఆమెకు అక్షరం రాదు. ఎనిమిది నెలలు నా దగ్గరే నేర్చుకుంది.

ఇంటికి వచ్చి చాలాసేపు వసారాలో కూర్చున్నాను. పరీక్ష తప్పినందుకు కాదు. నా వేళ్లు కొనలతో నేర్చుకున్నవి. నాయన చాటలో జొన్నల మీద దిద్దించినప్పుడు కొన తగిలితే చాలు, అక్షరం పడేది. జొన్నరొట్టె నేనూ ఒకప్పుడు బాగానే చేసేదాన్ని. నా పెనిమిటి పోయినాక మానేశాను. ఒక్కదానికి పిండి పిసికి, పొయ్యి రాజేసి, రొట్టె ఎవరు చేసుకుంటారు? ఇంత అన్నం వండుకుంటే రెండు పూటలు వస్తుంది.

లేచి, పక్కింట్లో పిండి అడిగి తెచ్చుకుని, నీళ్లు మరిగించి పోసి పిసికాను. మొదట ఏమీ తెలియలేదు. తరువాత చెయ్యి దానంతట అదే గుర్తు చేసుకుంది. వేళ్ల మెత్తటి పక్క దిగుతూ పోయి, ఒక చోట ఆగింది. తడవని ఉండ. అది చిదిమి ముందుకు పోయాను. ఇంకొకటి.

అప్పుడు చేతులు కడుక్కుని, తలుపు గడియ పెట్టి, రైక తీసి, తాళంచెవి గూట్లో పెట్టి, మంచం మీద పడుకున్నాను. కాగితంలో ఉన్నట్టు భుజం కింద మడిచిన చీర పెట్టుకున్నాను. పొద్దువాలే ఎండ కిటికీలోంచి నేరుగా మంచం మీద పడుతోంది. బట్ట అడ్డం లేకుండా నా ఒంటిని నేను ముట్టుకోవడం అదే మొదలు. ఎవరిదో ఒళ్లు ముట్టుకున్నట్టు ఉంది. తాళంచెవి అచ్చు దగ్గరికి వచ్చాక ముందుకు జరగలేదు. ఒత్తాను. కాయ అయితే చర్మంలో ఉండాలి. ఇది చర్మం కింద, లోతున ఉంది. కందిగింజకన్నా పెద్దది, అంచులు సరిగా లేవు. అటిటు జరిపితే జరగలేదు.

నోట్లోంచి "స్తోత్రం" రాబోయి ఆగింది. ఎనిమిది నెలలు దీని మీద వేళ్లు పెట్టే కదా ఏమీ లేదని దేవునికి చెప్పాను! అబద్ధం చెప్పానా? ఆయన నన్ను చూసి ఏమనుకుని ఉంటాడు? అట్లాగే పడుకుని ఇంటి వాసాలు చూశాను. చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలనిపించింది. దేవుడు కాదు, మనిషి. అట్లా అనిపించడం అదే మొదటిసారి, భయమేసింది.

మరునాడు టైలర్ చెల్లె దగ్గరికి పోయాను. చెల్లె అని పిలవడమే గాని చుట్టరికం లేదు, మా సందు చివర ఆమె దుకాణం. నా రైకలన్నీ ఆమే కుడుతుంది. భర్త కల్హేర్ రూటులో ఆటో నడుపుతాడు. దుకాణం మూలన పరదా కట్టి, వెనుక నిలువుటద్దం పెట్టింది. నేను పోయింది ఆ అద్దం కోసం.

"ఏందక్కా, పండుగ లేదు, పబ్బం లేదు, కొత్త రైకనా?"

"కొలత చూడు. ఎడమ పక్క బిగుతైతున్నది."

"నీ కొలతనా? పదేండ్ల సంధి ఇంచు మారలే. నిద్రల లేపినా చెప్త."

"ఊకో. నేను అద్దంల చూస్కుంట. నువ్వు జర అవతల నిలబడు."

ఆమె నా మొఖం చూసి మిషన్ ఆపింది. నేను పరదా వెనుకకు పోయి, రైక విప్పి, నన్ను నేను చూసుకున్నాను. యాభై ఎనిమిదేళ్ల మనిషిని. చేతులు రెండూ పైకెత్తాను. కుడి రొమ్ము లేచింది. ఎడమది కూడా లేచింది కాని, తాళంచెవి అచ్చు పక్కన ఒక చోట లోపలికి గుంజుకుపోయి, పిండిలో వేలు గుచ్చి తీసినట్టు చిన్న గుంట పడింది.

"చెల్లే, జర లోపలికి రా."

ఆమె వచ్చింది. గుడ్డను చూసే చూపుతోనే చూసింది. "చేతులు దించు. మళ్ల లేపు. ఇంకోసారి." తరువాత నెమ్మదిగా అంది, "కుట్టు గుంజినట్టు గుంజుతున్నదక్కా. లోపల దారం బిగిసినట్టు."

"తాళంచెవి గుర్తు."

"తాళంచెవి గుర్తు పైన ఉన్నది, ఎర్రగ. ఇది వేరు. పా, ఇప్పుడే నర్సమ్మ దగ్గరికి పోదాం."

"వారం ఆగుదాం. వారం దాక తాళంచెవి పెట్టుకోను. దాని గుర్తే అయితే పోతది గద."

"అక్కా, నాకు వచ్చినా నువ్వు గిట్లనే వారం ఆగుమంటవా?"

ఇంత మందికి ఆలస్యం చేయొద్దని కాగితం చదివి వినిపించినదాన్ని, నా వరకు వచ్చేసరికి ఒక వారం అడుక్కున్నాను. మొదటి తప్పు వేళ్లది. ఈ రెండోది నాది.

ఆ వారమంతా తాళంచెవి చేతిలో పట్టుకునే తిరిగాను. నాలుగుసార్లు మరిచిపోయి రైకలోకి చెయ్యి పోయింది. ఆ చోటు ఖాళీగా, చల్లగా ఉండేది. రోజూ తలుపేసుకుని చూసుకునేదాన్ని. ఎర్రటి అచ్చు మూడో రోజుకు గులాబీ రంగయింది. ఐదో రోజుకు తాళంచెవి కన్ను ఉన్న చోట చిన్న సున్నా మాత్రం మిగిలింది. ఏడో రోజుకు అది కూడా పోయి చర్మం నున్నగా అయింది. పదకొండేళ్ల గుర్తు ఏడు రోజుల్లో పోయింది. కింద ఉన్నది మాత్రం అక్కడే ఉంది.

సర్కారు దవాఖానలో నర్సమ్మ తన గదికి తీసుకుపోయి, చేతులు కడుక్కుని, రెండు అరచేతులూ రుద్దుకుని నా ఒంటి మీద పెట్టింది. "చల్లగున్నయా అమ్మా?" అని అడిగింది. వెచ్చగానే ఉన్నాయి. ఆ మాటకు నాకు కన్నీళ్లు ఆగలేదు.

"భయపడకు. ఇంకేం తెల్వలే గద. అన్నీ అదే గావు" అంది ఆమె.

"భయం కాదు సిస్టరమ్మా" అన్నాను. ఇంకేం చెప్పను? పదకొండేళ్లలో నా ఒంటిని ముట్టుకున్న మొదటి చెయ్యి నీదని ఎట్లా చెప్పను?

ఎన్ని రోజుల నుంచి ఉందని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "తాళంచెవి అనుకున్నవా!" అని ఒక్కసారి గట్టిగా అని, చీటీ రాసింది. సంగారెడ్డిలో రొమ్ముకు ఎక్స్‌రే ఫోటో తీశారు. అక్కడి నుంచి పట్నం పెద్ద దవాఖానకు పొమ్మన్నారు.

పట్నంలో కిటికీ దగ్గర ఒకాయన కాగితం నింపుతూ తల ఎత్తకుండా అడిగాడు. "తోడు ఎవరు?"

ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను. అదే భయం నాకు ఇంటి దగ్గరి నుంచీ. వెనుక నుంచి టైలర్ చెల్లె చెయ్యి ముందుకొచ్చింది. "నేనున్న. రాసుకో." పెళ్లిళ్ల కాలం, దుకాణంలో మూటలు పేరుకుపోయి ఉన్నాయి. వాటిని వదిలి, దుకాణం మూసి, నాతో బస్సు ఎక్కింది.

"ఏమైతవు ఈమెకు?"

"చెల్లెను."

ఆయన తలెత్తి ఆమె నుదుటి మీద కుంకుమ చూశాడు. నా ఖాళీ నుదురు చూశాడు. 'చెల్లెలు' అని రాసుకున్నాడు.

సూది పెట్టి ముక్క తీశారు. పది రోజులకు ఫలితం వస్తుందన్నారు. ఆ పది రోజులు చర్చి ఊడ్చాను, గంట కొట్టాను. ప్రార్థనలో కూర్చుంటే మాటలు వచ్చేవి కావు, ఊరకే కూర్చునేదాన్ని. టైలర్ చెల్లె ఒకరోజు బోరంచ పోయి పోచమ్మకు మొక్కుకుని వచ్చి, అరటిపండు ఒకటి నా ఒళ్లో వేసింది. "నువ్వు మీ దేవునికి చెప్పుకో. నేను మా అమ్మకు చెప్పిన. ఎవరు ముందు విన్నా మనకు ఫరక్ లేదు." ఆ పండు తిన్నాను. ఎవరో ఒకరు నా కోసం అంత దూరం పోయారన్న రుచి దానిలో ఉంది.

ఫలితం వచ్చింది. అదే. క్యాన్సర్. డాక్టరమ్మ చిన్న వయసుది, కాగితం నా వైపు తిప్పి చూపించింది. "ఇంకా చిన్నగానే ఉంది. చంకలోకి పోలేదు. ఎలా కనుక్కున్నావమ్మా?" అని అడిగింది. జొన్నపిండి అని చెబుదామనుకున్నాను, నవ్వుతుందేమోనని ఊరుకున్నాను. ఎడమ రొమ్ము తీసేశారు. ఇప్పుడు రోజుకొక గోళీ వేసుకుంటున్నాను, చెప్పిన రోజుకు పట్నం పోయి చూపించుకుంటున్నాను. దేవునికి స్తోత్రం. ఈ మాట ఇప్పుడు కొంచెం ఆలస్యంగా, ఏమంటున్నానో చూసుకుని అంటాను.

టైలర్ చెల్లె నాకు కొత్త కొలత తీసుకుంది. పాత మెత్తటి చీర ముక్కలు పొరలు పొరలుగా కుట్టి, రైక ఎడమ పక్కన పెట్టింది. పైకి చూస్తే ఎవరికీ తెలియదు. తాళంచెవిని ఇప్పుడు తలుపు పక్కన మేకుకు వేలాడదీస్తున్నాను.

ఆపరేషన్ అయిన మూడు నెలలకు కూటానికి పోయాను. నర్సమ్మ ఆ కాగితమే మళ్లీ నా చేతికిచ్చింది. చదివే ముందు లేచి నిలబడి అందరికీ చెప్పాను. లంగా మీది నుంచి చూసుకున్నానని, అద్దం వదిలేశానని, వేలికి తగిలినదానికి నేనే ఒక పేరు పెట్టుకుని ఎనిమిది నెలలు దాటుకుంటూ పోయానని. "మీకు పైపైన చేసుడు నేర్పిన. అది మర్చిపోండి. నేను చదువుత, చేతులు మాత్రం ఈమె దగ్గర నేర్చుకోండి" అని రొట్టెలామెను చూపించాను. ఎవరూ నవ్వలేదు. రొట్టెలామె సిగ్గుపడి, తరువాత లేచి, ఒక్కొక్కరి ముంజేతి మీద ఎంత ఒత్తాలో ఒత్తి చూపించింది.

అందరూ పోయినాక ఊడుస్తుంటే, అవ్వ స్తంభానికి ఆనుకుని ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

"పోలేదా అవ్వా?"

ఆమె అటూ ఇటూ చూసింది. "బిడ్డా, నాది జర జూస్తవా? నా వేళ్లు వంకరవోయినయి, వంగుతలేవు."

"ఇంట్ల కోడండ్లున్నరు గద?"

"ఉన్నరు. పది మందున్నరు. చెప్తే నవ్వుతరు."

పక్కనున్న చిన్న గదిలోకి తీసుకుపోయి గడియ పెట్టాను. బల్ల మీద అక్కడున్న పాత చీర మడిచి పరిచి పడుకోబెట్టాను. రైక హుక్కులు ఆమె వేళ్లకు రాలేదు, నేనే విప్పాను. అరచేతులు రుద్దుకుని వెచ్చగా చేసుకున్నాను. మెడ కింది ఎముక దగ్గర మొదలుపెట్టాను. ముందు తేలికగా, తరువాత కొంచెం బరువుగా, తరువాత అడుగుదాకా. పలచటి చర్మం, కింద ఎముకలు. అవ్వ కళ్లు మూసుకుంది. ఎప్పుడూ ఆగని ఆ నోరు మూతపడి ఉంది. రెండు పక్కలా, చంకల్లో, ఏ చోటూ వదలకుండా చూశాను.

"ఏమీ లేదవ్వా. మంచిగున్నది."

అవ్వ కళ్లు తెరవలేదు. రైక కోసం చెయ్యి చాచలేదు.

"ఆ పక్క మంచిగ జూడలేదు నువ్వు."

"చూసిన అవ్వా."

"మళ్లొక్కసారి జూడు బిడ్డా. జల్దీ ఏమున్నది నీకు?"

జల్దీ ఏమీ లేదు. అరచేతులు మళ్లీ రుద్దుకుని, మెడ కింది ఎముక దగ్గరి నుంచి మొదలుపెట్టాను.